ఇవ్వనన్న తాళం చెవి

మా మేస్త్రిగారికి ఆఫీసులో అందరూ కలిసి పెట్టిన పేరు ‘మళ్ళీచెప్పు’. ఆయన ఎదురుగా ఎవరూ అనరనుకోండి. లిఫ్టుల మరమ్మతు ఇద్దరు చేసే పని. ఒకరు మేడమీది మెషిన్ గదిలో ఉంటారు, రెండోవారు లిఫ్టు పెట్టె నెత్తిమీద చీకట్లో నిలబడతారు. పైనున్న మనిషి కరెంటు ఆపి ‘ఆపాను’ అని అరవాలి. కిందున్న మనిషి ‘ఆపావు’ అని తిరిగి అరిచాకే దేనిమీదైనా చెయ్యి వెయ్యాలి. ఎక్కడైనా ఇదే పద్ధతి. మా మేస్త్రిగారు మాత్రం ఒకసారి వింటే సరిపెట్టుకోరు. "మళ్ళీ చెప్పు" అంటారు. టీ తాగుదామా అని అడిగినా మళ్ళీ చెప్పమంటారు.

నన్ను ఆయనకి జోడీగా వేసి అప్పటికి ఏడు నెలలు. నా నోటికి బ్రేకు లేదని మా అమ్మ నా చిన్నప్పట్నుంచీ మొత్తుకునేది. చివరికి బ్రేకులు బాగుచేసే పనిలోకే వచ్చి పడ్డాను, ఏం చేస్తాం. ఒకరోజు నాలుగంతస్తుల బట్టల కొట్టులో పని. నేను మెషిన్ గదిలో ఉన్నాను. మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసి, లాగబోతూ, లాగకముందే "ఆపాను" అనేశాను. రెప్పపాటు తేడా, అంతే. కింద మేస్త్రిగారికి తలుపు మోటారు మీది చిన్న ఎర్ర దీపం ఇంకా వెలుగుతూ కనిపించింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. పని ఆపి మెట్లెక్కి పైకొచ్చారు.

"ముందు చెప్పావా, ముందు ఆపావా?"

"ఆపాకే చెప్పాను."

"మళ్ళీ చెప్పు."

"ఆపాకే చెప్పానండీ. దీపం ఆరడానికి టైం పట్టిందేమో."

పచ్చి అబద్ధం. ఆయన నన్నొకసారి చూసి, కిందికి వెళ్ళిపోయారు. మర్నాటినుంచీ స్విచ్ దగ్గరికి ఆయనే వెళ్ళేవారు, ఆపాక ఇంకెవరూ కరెంటు వెయ్యకుండా దానికి తన తాళం వేసుకుని దిగేవారు. నా పని సంచీ మోయడం, రెంచీలు అందించడం. మూడు వారాలు చూసి మేనేజరు అడిగితే, "ఆ అమ్మాయి నాకు జోడీగా ఉండాలో వద్దో సోమవారం చెప్తాను" అన్నారట. వద్దంటే నాకు మిగిలేది ఆఫీసులో ఫోను బల్ల. రెండంతస్తుల మధ్య ఇరుక్కుని కేకలు పెట్టేవాళ్ళకి కంగారు పడకండి, కంగారు పడకండి అని చెప్తూ రిటైరయ్యేదాకా కూర్చోవడం. ఆ ఊహకే నాకు ఏడుపొచ్చేది. రోజూ ఇంటికొచ్చి అన్నం తింటూ ఆయన్ని తిట్టేదాన్ని. తిట్టుకోవాల్సింది నన్నేనని తెలుసు కనక ఇంకాస్త గట్టిగా తిట్టేదాన్ని.

ఇంట్లో పరిస్థితి కూడా అంతంతమాత్రమే. అంతకు పదిరోజుల ముందు మా మామగారు స్నానాల గదిలో సబ్బునీళ్ళమీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆ కేక విని పరిగెత్తిన మా ఆయన, అవే సబ్బునీళ్ళమీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. తండ్రికి ఆపరేషను, కొడుక్కి పిండికట్టు. మా ఆయన బేకరీలో పిండి కలిపే మనిషి, ఇప్పుడు తనే పిండిలో ఉన్నాడని మామగారు ఆసుపత్రి మంచం మీంచే నవ్వారు. ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. దేన్నైనా నవ్వుతూ దాటించెయ్యడం ఆయనకి అలవాటు.

మేముండేది ఐదో అంతస్తులో. శనివారం సాయంత్రం ఆసుపత్రినుంచి వచ్చి లిఫ్టెక్కితే, అది మా అంతస్తు దగ్గర గడప కంటే జానెడు కిందకి జారి ఆగింది. మామూలు మనుషులైతే కాలెత్తి దిగిపోతారు. నేను మళ్ళీ ఎక్కి, కిందికీ పైకీ మూడుసార్లు తిప్పాను. తిప్పినప్పుడల్లా ఇంకాస్త ఎక్కువ జారింది. భవనం సెక్రటరీగారిని పట్టుకుని మెషిన్ గది తెరిపించాను. బ్రేకు డ్రమ్ము మీద నూనె మెరుస్తోంది, బ్రేకు పట్టు జారుతోందన్నమాట. ఆ లిఫ్టు మా కంపెనీది కాదు, అందులో నేను స్క్రూ కూడా ముట్టుకోకూడదు. స్విచ్ ఆపి, ‘వాడొద్దు’ అని రాసిన చీటీ కట్టి, నా తాళం వేశాను. వాళ్ళ కంపెనీకి ఫోను చేస్తే సోమవారం మధ్యాహ్నం మనిషిని పంపుతామన్నారు. మామగారు ఇంటికొచ్చేది సోమవారం సాయంత్రం. సరిపోతుందిలే అనుకున్నాను.

ఆసుపత్రివాళ్ళు ఆదివారం పొద్దున్నే ఫోను చేసి, మంచం ఖాళీ చెయ్యాలి, తీసుకెళ్ళండి అన్నారు.

మధ్యాహ్నం రెండింటికి మామగారు మా భవనం కింద చక్రాల కుర్చీలో ఉన్నారు. దింపిన కారు వెళ్ళిపోయింది. కింది అంతస్తంతా దుకాణాలు, ఆదివారం కనక అన్నీ మూసేసి ఉన్నాయి. గంటకు మించి కూర్చోబెట్టొద్దని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పారు. కారులోనే అరగంట గడిచింది. మెట్లమీద మోయడానికి సాయం రమ్మని వరసపెట్టి ఫోన్లు చేశాను. మా ఆఫీసులో ఒకడికి జ్వరం, ఇద్దరు ఊళ్ళో లేరు, ఇంకొకడు ఎత్తనే లేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

సెక్రటరీగారు పేపరు చంకలో పెట్టుకుని వచ్చారు.

"తాళం నీదే కదమ్మా. తీసెయ్. ఒక్క ట్రిప్పు. నిన్న పొద్దున నేనూ ఎక్కి దిగాను, ఏమయ్యానూ?"

"అది నిన్న పొద్దునండీ."

"పెద్దాయన్ని ఇలా మెట్ల దగ్గర కూర్చోబెట్టడం కంటేనా?"

మా ఆయన కూడా నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి, "ఒక్కసారికి ఏమీ కాదేమోనే" అన్నాడు. మామగారి నవ్వుతున్న పెదవుల చుట్టూ చెమట పట్టింది. నొప్పి మొదలైందన్నమాట. అబద్ధం ఎందుకు, నా చెయ్యి మెళ్ళో తాళం చెవి మీదకి వెళ్ళింది. ఐదంతస్తులు, నిమిషం కూడా పట్టదు. ఆ చెవిని గుప్పిట్లో పట్టుకుని అలా నిలబడిపోయాను.

అప్పుడే వీధి మలుపులో మేస్త్రిగారు కనిపించారు. భుజాన పనిసంచీ, కాళ్ళకి ఇంటి చెప్పులు. ఆయనకి మోకాళ్ళు నొప్పి, కొంచెం ఒరిగి నడుస్తారు. 

"ఈయన్ని ఎవరు పిలిచారు?" అని మా ఆయన మీద పళ్ళు నూరాను.

"నేనే. నీ ఫోన్లోంచి చేశాను."

"ఆయనకే ఎందుకు?"

"రోజూ నువ్వు తిట్టేది ఆయన్నే కదా. ఆయనొక్కడే గుర్తొచ్చాడు."

ఆ మనిషితో కాపురం చేస్తున్నందుకు నాకు పతకం ఇవ్వాలి. ఈలోగా మేస్త్రిగారు వచ్చేశారు. సెక్రటరీగారు ఆయనకి మొత్తం కథ చెప్పేశారు, నా మొండితనం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి.

"తాళం ఎవరిది?" అన్నారు మేస్త్రిగారు నన్ను చూసి.

"నాదే."

"ఎందుకేశావు?"

జానెడు జారడం, నూనె, అన్నీ చెప్పాను. ఆయన మెట్లకేసి చూశారు. మామగారికేసి చూశారు. మళ్ళీ మెట్లకేసి చూసి, చెయ్యి చాచారు.

"చెవి ఇలా ఇవ్వు. నిదానంగా నేనే తెస్తాను. ఒక్కసారికి వస్తుందేమో."

రేపు నన్ను ఉంచాలో తీసెయ్యాలో చెప్పేది ఆ చెయ్యి చాచిన మనిషే. ఇచ్చేస్తే ఒక్క దెబ్బతో అన్నీ తీరిపోతాయి. మామగారు మంచం మీద ఉంటారు, సెక్రటరీగారు సంతోషిస్తారు, మేస్త్రిగారి మాట విన్న మంచి పిల్లనవుతాను. కానీ ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఈయనే నాకు చెప్పారు: తాళం వేసిన మనిషే తియ్యాలి, చెవి నీ ఒంటిమీద ఉండాలి, మేనేజరు అడిగినా ఇవ్వకూడదు. ఆ నూనె మెరుపు నా కళ్ళలోంచి పోవట్లేదు.

"ఇవ్వను" అన్నాను.

"మళ్ళీ చెప్పు."

"ఇవ్వనండీ. చూడాలంటే నాతో పైకి రండి, గది తెరిచి చూపిస్తాను. మామయ్యని ఎక్కించడానికి మాత్రం ఇవ్వను."

 ఫోను బల్ల, ఆ బల్ల పక్కన కిటికీ, అన్నీ కళ్ళముందు కనిపించాయి. ఆయన చెయ్యి దించేసి సంచీ కింద పెట్టారు.

"చేతులున్న కర్ర కుర్చీ ఏదైనా ఉందా ఇంట్లో?"

మా ఆయన ఒంటిచేత్తో ఐదంతస్తులూ ఎక్కి కుర్చీ దించుకొచ్చాడు. మేస్త్రిగారు సంచీలోంచి నడుం బెల్టు తీసి మామగారిని కుర్చీకి కట్టారు. మేం పెట్టె నెత్తిమీంచి పడిపోకుండా కట్టుకునే బెల్టు అది. మామగారు దాన్ని తడిమి చూసి, "తమ్ముడూ, ఇంత భద్రంగా నన్ను మా ఆవిడ కూడా కట్టెయ్యలేదు" అన్నారు.

మేస్త్రిగారు పైన కుర్చీ వీపు పట్టుకుని వెనక్కి ఎక్కాలి. నేను కింద ముందుకాళ్ళు పట్టుకోవాలి. పైన పట్టు జారితే కుర్చీ, మామగారు, అంతా నా మీదకే. అక్కడ నిలబడి ఎదురుచూస్తుంటే తట్టింది. ఏడు నెలల్లో మొట్టమొదటిసారి కిందున్నది నేను, పైనుంచి వచ్చే మాట కోసం.

"పట్టాను" అన్నారాయన.

"పట్టారు."

"ఎత్తుతున్నా."

"ఎత్తుతున్నాం."

ప్రతి మెట్టుకీ అంతే. మా ఆయన దిండు పట్టుకుని ముందు నడుస్తున్నాడు. సెక్రటరీగారు ఆసుపత్రి కాగితాలు పట్టుకుని, ఎవరూ వినని సలహాలిస్తూ వెనక వస్తున్నారు. మామగారు నాకు ఎదురుగా కూర్చుని, అంతస్తు వచ్చినప్పుడల్లా "మొదటి అంతస్తు, దిగేవాళ్ళు దిగండి" అని కేకేస్తున్నారు. చెమట కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకునే చెయ్యి లేదు. నవ్వొస్తే పట్టు పోతుందని, "మామయ్యా, మీరు నోరు మూసుకోండి" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని అంత మాట అనలేదు. ఆయన మహా సంతోషపడ్డారు.

రెండో అంతస్తు దాటాక, మూడో దానికి ముందు మలుపు. మేస్త్రిగారు మలుపు గచ్చు మీదకి ఎక్కేశారు. నేనింకా రెండు మెట్లు కింద ఉన్నాను.

"దించుతున్నా" అన్నారు. గొంతు మారింది.

తలెత్తి చూస్తే ఆయన కుడికాలు, ఇంటి చెప్పుతో సహా, గడగడ వణుకుతోంది. మోకాలు పట్టు తప్పుతోంది. కుర్చీ వెనక కాళ్ళు అలా గచ్చుకి ఆన్చేస్తే ఆయనకి ప్రాణం కుదుటపడుతుంది. కానీ నేను సిద్ధంగా లేకపోతే కుర్చీ ముందుకి తూలి మామగారు నా మీదకొస్తారు. నాకేమో ఊపిరాడక మాట రావట్లేదు. వెనకనుంచి సెక్రటరీగారు "దించెయ్యండి, దించెయ్యండి!" అని కేకలు. ఆయన దించలేదు. పళ్ళు బిగపట్టి, ముఖమంతా ఎర్రబడి, వణికే కాలిమీద ఆ బరువంతా మోస్తూ, నా నోటికేసే చూస్తున్నారు. నా మాట కోసం.

భుజం గోడకి ఆన్చి, పట్టు సరిచేసుకున్నాను.

"దించుతున్నాం."

అప్పుడు దించారు. నెమ్మదిగా, ఇద్దరం కలిసి. మామగారి జుట్టు కూడా చెదరలేదు. మేస్త్రిగారు గచ్చుమీద చతికిలబడ్డారు, నేను మెట్టుమీద. 

"నా సర్వీసులో ఒక్కసారి" అన్నారు మామగారు, ఎవరూ అడగకుండానే, "ఒకావిడ పూర్తిగా దిగకముందే రైట్ అనేశాను. మనిషి దిగింది, చెప్పు బస్సులో ఉండిపోయింది. ఆ చెప్పు వారంరోజులు నా సీటు కింద పెట్టుకు తిరిగాను."

"ఆవిడ దొరికిందా అన్నగారూ?" అన్నారు మేస్త్రిగారు.

"దొరికింది. రెండో చెప్పు చేత్తో పట్టుకునే ఉంది."

మేస్త్రిగారు నవ్వారు. ఆయన అలా పగలబడి నవ్వగలరని నాకు అప్పటిదాకా తెలీదు. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. ఆయన మోకాలు ఇంకా అదురుతూనే ఉంది. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"మేస్త్రిగారూ, ఆరోజు బట్టల కొట్టులో నేను స్విచ్ లాగలేదు. ముందే చెప్పేశాను. తర్వాత లాగాను. మీకు అబద్ధం చెప్పాను."

"మళ్ళీ చెప్పు" అంటారేమోనని చూశాను. ఆయన అనలేదు.

"తెలుసు" అన్నారు. "నోరు జారడం ఎవరికైనా ఉంటుంది. నేనూ జారినవాణ్ణే. నువ్వు కాదన్నావు చూడు, అప్పట్నుంచి నీ ఏ మాట నమ్మాలో నాకు తెలియకుండా పోయింది. తెలియని మాట మీద పెట్టె ఎక్కలేను కదమ్మా."

"ఇక అబద్ధం చెప్పను."

"సరే. లే. ఆయన్ని పడుకోబెడదాం."

మిగిలిన అంతస్తులు ఎలా ఎక్కామో సరిగ్గా గుర్తు లేదు. "ఐదో అంతస్తు, ఆఖరి స్టాపు!" అన్న మామగారి కేక గుర్తుంది. మంచం మీద పడుకోబెట్టి దిండు సర్దగానే ఆయన కళ్ళు మూసుకుని, "అమ్మయ్య" అన్నారు. ఆ ఒక్క మాటకి మూడు వారాలుగా నా ఛాతీ మీదున్న బరువు కూడా దిగిపోయినట్టయింది. ఉద్యోగం సంగతి మర్చిపోయానంటే నమ్మండి. మేస్త్రిగారు మంచినీళ్ళు తాగి, బెల్టు మడిచి సంచీలో పెట్టుకుని, ఒక్కో మెట్టుమీదా కూర్చుంటున్నంత నిదానంగా దిగి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున్న పనికి వెళ్తే ఆయన అప్పటికే మెషిన్ గదిలో ఉన్నారు. స్విచ్ ఆపి, చిల్లుల పట్టీకి తన తాళం వేశారు. ఎంతమంది పనిచేస్తే అన్ని తాళాలు పడతాయి ఆ పట్టీకి. ఆయన తాళం పక్కన చిల్లు ఖాళీగా ఉంది.

"నీ తాళం వెయ్యి" అన్నారు.

ఒక్కక్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికొచ్చిన మాట పనికిరానిదే.

"నా తాళం మా ఇంటి లిఫ్టుకుందండీ. సాయంత్రం నేను వెళ్ళి తీసేదాకా రాదు."

"అనుకున్నాను." జేబులోంచి కొత్త తాళం తీసి నా చేతిలో పెట్టారు. దాని చెవులు రెండూ దారానికి కట్టి ఉన్నాయి. "రెండూ నీ దగ్గరే పెట్టుకో. నాకు ఒక్కటి కూడా ఇవ్వకు. నేనడిగినా ఇవ్వకు."

"నిన్న మీరు నన్ను పరీక్షించడానికే అడిగారని నాకు రాత్రి తట్టిందండీ" అన్నాను, తెలివైనదాన్నని చూపించుకోవాలని.

ఆయన తల అడ్డంగా ఊపారు.

"పరీక్షా లేదు, పాడూ లేదు. ఆ మెట్లు చూసేసరికి నా మోకాళ్ళకి భయమేసింది. నిజంగానే అడిగాను. నువ్విచ్చి ఉంటే నిజంగానే నడిపేవాణ్ణి." తాళం కేసి చూస్తూ అన్నారు. "రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా."

 తాళం వేసి, చెవులు మెళ్ళో వేసుకున్నాను. "ఆపాను" అన్నాను, అప్పటికే ఆగిపోయి ఉన్న దాన్ని చూపిస్తూ. "ఆపావు" అని ఆయన కిందికి దిగారు. ఆరోజు మధ్యాహ్నం మా ఇంటి లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్ బ్రేకు విప్పి, డ్రమ్మును పట్టి ఆపే లైనింగు నూనెలో నానిపోయి ఉంటే దాన్ని తీసి మా ఆయన చేతిలో పెట్టి, నిన్న ఈ లిఫ్టు ఎవరైనా ఎక్కారా అని అడిగాడట. లేదని మా ఆయన చాలా గట్టిగా చెప్పాడట.

ఆ తర్వాత పదకొండేళ్ళు మేం జోడీగా చేశాం. పోట్లాడుకోని వారం లేదు. కానీ నేను ఆపానంటే ఆయన చెయ్యి పెట్టారు, ఆయన ఆపానంటే నేను పెట్టాను. మామగారు కర్ర సాయంతో నడిచినన్నాళ్ళూ ఆదివారాలు మేస్త్రిగారు వచ్చి, ఆయనతో కూర్చుని బస్సుల కబుర్లు వినేవారు.

పోయినేడు ఆయన రిటైరయ్యారు. ఆఫీసులో అందరూ చుట్టూ నిలబడ్డారు, మేనేజరు నాలుగు మాటలు మాట్లాడాడు, ఆయనకో గోడ గడియారం ఇచ్చారు. అన్నీ అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి చెయ్యి చాచారు.

"ఆ తాళానికి రెండు చెవులున్నాయి కదమ్మా. గుర్తుగా ఒకటి నాకివ్వు."

"ఇవ్వను" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళకేమీ అర్థం కాలేదు.

"మళ్ళీ చెప్పు" అన్నారు.

"ఇవ్వనండీ" అన్నాను, ఏడుస్తూనే.